తెగని స్ట్రాపు, పడిపోయిన బైకు: టాయ్ హాలర్‌లో ఒక కేస్ స్టడీ

"ఒక్క స్ట్రాపు కూడా తెగలేదన్నా. బైకు మాత్రం పడిపోయింది."

ఫోన్‌లో ఒక ట్రైలరు యజమాని ఈ మాట అనగానే కేసు సగం అర్థమైంది. ట్రైలర్లలో వీల్ చాక్‌లు (బైకు ముందు చక్రాన్ని పట్టి ఉంచేవి), డి-రింగులు (స్ట్రాపు కొక్కెం తగిలించే నేల రింగులు) బిగించడం నా పని. బైకు పడిపోయిందని నా దగ్గరికి వచ్చిన ట్రైలర్లలో పట్టీ తెగినవి చాలా తక్కువ. పట్టీని దేనికి తగిలించారో అది ఊడి వస్తుంది. లేదా కొక్కెం జారుతుంది. లేదా పట్టీ లాగే దిక్కే తప్పుగా ఉంటుంది. ఈ కేసులో మూడూ ఉన్నాయి. నాలుగోది కూడా ఉంది కానీ, అది నాకు రెండో రోజు గానీ తట్టలేదు.

ట్రైలరు రెండు యాక్సిళ్ళ టాయ్ హాలర్, బండి వెనక భాగానికి తగిలించి లాగే బంపర్-పుల్ రకం. టాయ్ హాలర్ అంటే ముందు సగం ఇల్లు, వెనక సగం గ్యారేజీ. వెనక గోడ మొత్తం కిందికి దిగి ర్యాంపు అవుతుంది. దాని మీదుగా బైకుల్ని లోపలికి ఎక్కిస్తారు. ఓపెన్ ట్రైలర్‌తో పోలిస్తే ఇక్కడ రెండు తేడాలు. నేల ఇంటి నేలే: ముప్పావు అంగుళం ప్లైవుడ్, పైన వినైల్ షీటు, కింద నీళ్ళ ట్యాంకు, వైర్లు, గ్యాస్ పైపు. రెండోది, బైకు పడితే రోడ్డు మీద పడదు, మన వంటింటి పక్కన పడుతుంది.

బైకులు రెండు. ఒకటి అడ్వెంచర్ టూరింగ్ బైకు, నిండు ట్యాంకుతో 550 పౌండ్లు. రెండోది 250 పౌండ్ల ఎండ్యూరో, మట్టి దారుల్లో తోలే తేలిక బైకు. ప్రయాణం 280 మైళ్ళు, అందులో చివరి ముప్పై కంకర రోడ్డు.

తలుపు దించాక

ఎండ్యూరో ముందు వైపు, వంటింటి గోడ దగ్గర నిటారుగానే ఉంది. పెద్ద బైకు ర్యాంపు తలుపు పక్కన కుడివైపుకి ఒరిగి, మడిచి పెట్టిన సోఫా ఫ్రేము మీద వాలి ఉంది. హ్యాండిల్‌బారు కొస గోడ ప్యానెల్‌లోకి దిగబడింది. ముందు కుడి స్ట్రాపు తీగలా బిగుసుకుని ఉంది. ముందు ఎడమ స్ట్రాపు కొక్కెం నేల మీద పడి ఉంది, పట్టీకి చిన్న గీత కూడా లేదు. వెనక నుంచి సీటు మీదుగా వేసిన ఒకే ఒక్క స్ట్రాపు అలాగే ఉంది, ఏ పనీ చెయ్యకుండా.

ఎడమ డి-రింగు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ప్లేటు ఒక వైపు నేల నుంచి 8 మిల్లీమీటర్లు లేచి ఉంది. కింద ఉన్నవి బోల్టులు కావు, చెక్కలోకి దించే మామూలు స్క్రూలు. ప్లైవుడ్‌లోంచి సగం బయటికి వచ్చేశాయి.

ఇవన్నీ తర్వాత చూసినవి. తలుపు దించగానే నాకు తగిలింది పెట్రోలు వాసన. ట్యాంకు మూత గాలి రంధ్రం నుంచి కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. ఫ్రిజ్ దేని మీద నడుస్తోందని అడిగాను. "గ్యాస్ మీదన్నా. దారిలో కూరగాయలు పాడవకూడదని ఆన్‌లోనే ఉంచాను" అన్నాడు. అంటే పెట్రోలు ఆవిరి ఉన్న పెట్టెలోనే ఒక చిన్న మంట వెలుగుతూ ఉంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోదు, నేల మీదే పాకుతుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. వంగిన ప్యానెల్ గురించి అతను బాధపడుతున్నాడు. నాకు మాత్రం ఆ ఫ్రిజ్ తలచుకుంటే చెమటలు పట్టాయి. బయటి నుంచే సిలిండర్ వాల్వు కట్టేయించి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా, ర్యాంపు తలుపు, పక్క తలుపు బార్లా తెరిచి గంటసేపు వదిలేశాం. ఆ తర్వాతే పని మొదలైంది.

"3,333 పౌండ్ల స్ట్రాపన్నా ఇది"

అతని వాదన ఇది. రెండు అంగుళాల రాట్చెట్ స్ట్రాపు (పిడి ఆడిస్తే క్లిక్కు క్లిక్కుకీ బిగిసేది), లేబుల్ మీద వర్కింగ్ లోడ్ లిమిట్, అంటే భద్రంగా మోయగల భారం, 3,333 పౌండ్లు, తెగే బలం 10,000. బైకు 550. ఒక్క స్ట్రాపుతో ఆరు బైకులు వేలాడదీయొచ్చు కదా అని.

నిజమే, వేలాడదీయొచ్చు. కానీ ఆ 3,333 పట్టీకి సంబంధించిన అంకె. దాని ఒక కొస నాలుగు చెక్క స్క్రూలకి తగిలించి ఉంటే ఆ మొత్తం బలం ఆ నాలుగు స్క్రూలదే. పైగా ఈ సైజు స్ట్రాపులు లారీ సరుకు కోసం చేసినవి. వాటి రాట్చెట్ పిడి పొడుగు ఎక్కువ. యూరప్ లేబుల్ మీద ఈ సంగతి తేటగా రాసి ఉంటుంది: చేత్తో 50 డెకాన్యూటన్ల (దాదాపు 50 కిలోల బరువంత) బలం పెడితే పట్టీలో ఎంత బిగువు వస్తుందో. పెద్ద రాట్చెట్‌కి అది 300 దాటడం మామూలే, అంటే సుమారు 675 పౌండ్లు. బైకు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాల జతను, కిందికి నొక్కడానికి అంత అవసరమే లేదు. మనిషి మాత్రం "ఇంకో రెండు క్లిక్కులు" అనుకుంటాడు. ఆ రెండు క్లిక్కులు ఎక్కడికి పోతాయి? ఫోర్కు అడుగుకి చేరుకున్నాక స్ప్రింగులోకి పోవు, స్క్రూలలోకి పోతాయి.

ఈ బైకు ఫోర్కు మొత్తం 190 మిల్లీమీటర్లు కిందికి దిగగలదు. కుడివైపు ఫోర్కు ట్యూబు మీద దుమ్ము చెరిగిన గీతను బట్టి చూస్తే అతను దాదాపు 165 దాకా లాగేశాడు.

ఎలా పడింది

రోడ్డు మీద ట్రైలరు ఊగినప్పుడు బైకు కుడికి తోసుకుంటే ఎడమ స్ట్రాపు మీద భారం పెరుగుతుంది, కుడిది వదులవుతుంది. ఎడమకి తోసుకుంటే దానికి వ్యతిరేకం. ఫోర్కు దాదాపు అడుగంటి ఉంది కాబట్టి మధ్యలో కుదుపును మింగే మెత్తదనం లేదు. ప్రతి గతుకూ నేరుగా స్క్రూలని లాగింది. ఎడమ ప్లేటు కొంచెం కొంచెంగా లేచింది, అంతమేరకు ఎడమ స్ట్రాపు వదులైంది. ఆ తర్వాత ఎక్కడో బైకు ఎడమకి ఒరిగిన క్షణంలో పట్టీలో బిగువు సున్నా అయింది. దాని కొస నోరు తెరుచుకుని ఉండే తీగ కొక్కెం, జారకుండా ఆపే స్ప్రింగు నాలుక లేదు. బిగువు ఉన్నంతసేపే అది కొక్కెం, లేకపోతే వంకర తీగ. జారిపోయింది.

ఇక ఎడమ వైపు పట్టేవాళ్ళు లేరు. కుడి స్ట్రాపు ఇంకా పూర్తి బిగువులో ఉంది, ఫోర్కులో 160 మిల్లీమీటర్ల నొక్కుడు దాచి ఉంది. ఫోర్కు పైకి లేస్తూ బైకును కుడికి విసిరింది. అంటే దాన్ని పడగొట్టింది గట్టిగా పట్టుకున్న స్ట్రాపే.

అతనికి ఈ మాట మింగుడు పడలేదు. "అంటే నేను బిగించకపోయి ఉంటే నిలబడేదా?" అని అడిగాడు. లేదు, అప్పుడూ పడేదే, ఇంకాస్త ముందే పడేది. తప్పు బిగింపు ఎక్కువ తక్కువల్లో లేదని అతనికి కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది.

కాగితం మీద లెక్క

అమెరికాలో వాణిజ్య లారీల సరుకు కట్టే ఫెడరల్ నిబంధన ఒకటి ఉంది, 49 సీఎఫ్ఆర్ 393. మన సొంత ట్రైలర్‌కి అది వర్తించదు. అయినా నేను అందులోని అంకెలే వాడతాను, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు బైకుకి అది లారీయా, ఇల్లా అన్న తేడా తెలియదు. కట్టిన తాళ్ళు తెగకుండా తట్టుకోవాల్సింది: ముందుకి 0.8 జి, వెనక్కి 0.5 జి, పక్కకి 0.5 జి (ఒక జి అంటే సరుకు సొంత బరువంత తోపుడు). కట్టిన వాటి వర్కింగ్ లోడ్ లిమిట్లు కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి.

పక్క తోపుడు చూద్దాం. 550లో సగం, 275 పౌండ్లు. బైకు గురుత్వ కేంద్రం నేల నుంచి సుమారు 24 అంగుళాలు. పడదోసే బలం 275 ఇంటూ 24, అంటే 6,600 అంగుళం-పౌండ్లు. దాన్ని ఆపాల్సింది స్ట్రాపు. ఎంత బాగా ఆపుతుందన్నది ఒకే దూరం మీద ఆధారపడుతుంది: టైరు నేలని తాకే చోటు నుంచి స్ట్రాపు గీతకి ఉన్న లంబ దూరం.

అతని డి-రింగులు బైకు మధ్య గీతకి చెరో వైపు 12 అంగుళాల దూరంలో ఉన్నాయి. స్ట్రాపులు హ్యాండిల్‌బారు కొసల నుంచి దాదాపు నిట్టనిలువుగా దిగాయి. లంబ దూరం 12 అంగుళాలే. 6,600ని 12తో భాగిస్తే 550 పౌండ్లు. ఒక్క వైపు స్ట్రాపు, ఒక్క డి-రింగు, అదనంగా మొయ్యాల్సిన భారం అది.

అదే డి-రింగుల్ని 28 అంగుళాల దూరానికి జరిపి, స్ట్రాపును 32 అంగుళాల ఎత్తున ఉన్న కింది ట్రిపుల్ క్లాంప్ (ఫోర్కు గొట్టాల్ని పట్టి ఉంచే బ్రాకెట్) నుంచి దింపితే లంబ దూరం 22.4 అంగుళాలు అవుతుంది. అప్పుడు కావాల్సింది 295 పౌండ్లు. కొత్త స్ట్రాపు కొనలేదు, ఒక్క క్లిక్కు ఎక్కువ తిప్పలేదు, భారం దాదాపు సగానికి తగ్గింది. వెనక స్ట్రాపులు సరిగా ఉంటే ఇందులో వాటా అవి తీసుకుంటాయి, ముందు వాటికి ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నేను అందరికీ "హ్యాండిల్‌బారుకి కట్టకండి, కోణం తగ్గిపోతుంది" అని చెప్పేవాణ్ణి. ఈ లెక్క వేస్తుంటే తెలిసింది, డి-రింగు అదే చోట ఉంటే హ్యాండిల్‌బారు కొస నుంచి కట్టినదే కాగితం మీద కొంచెం మెరుగు, లంబ దూరం 26 అంగుళాల పైన వస్తుంది. అయినా హ్యాండిల్‌బారుకి కట్టకూడదు, కారణం వేరు. అది తిరుగుతుంది, వంగుతుంది, చాలా బైకుల్లో రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది, క్లాంపులో జారుతుంది. అది ఏ కొంచెం కదిలినా స్ట్రాపు వదులవుతుంది. వదులైతే ఏమవుతుందో పైన చూశాం. ఈ బైకు హ్యాండిల్‌బారు క్లాంపులో ముందుకి తిరిగిపోయి ఉంది కూడా.

రెండో రోజు తట్టింది

మొదటి రోజంతా నేను నేలనీ కొక్కేల్నీ చూస్తూ ఉండిపోయాను. ఎండ్యూరో ఎందుకు పడలేదన్న ప్రశ్న వేసుకోలేదు. దానికీ అవే స్క్రూలు, అవే తెరిచిన కొక్కేలు. తేలిక బైకు కాబట్టి అనుకున్నాను. మర్నాడు ట్రైలర్‌ని తూకానికి తీసుకెళ్ళినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు.

పెద్ద బైకు ఎక్కడుంది? యాక్సిళ్ళ మధ్య నుంచి వెనక్కి ఆరు అడుగుల దూరంలో. గమ్యం చేరగానే ముందు అదే దింపాలని చివర ఎక్కించాడు. ట్రైలరు గతుకు ఎక్కినప్పుడు యాక్సిళ్ళ దగ్గర కన్నా తోక దగ్గర ఊపు చాలా ఎక్కువ, ఉయ్యాల బల్ల కొసలాగా. బరువైన బైకుని, బలహీనమైన డి-రింగుల్ని, అన్నిటికన్నా ఎక్కువ కుదుపు వచ్చే చోట పెట్టాడు. ఎండ్యూరో యాక్సిళ్ళకి రెండు అడుగుల దూరంలో హాయిగా కూర్చుంది.

పైగా హిచ్ సంగతి, అంటే ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే కొండి మీద పడే బరువు. బైకులూ పెట్టెలూ లేనప్పుడు ట్రైలరు 7,700 పౌండ్లు, హిచ్ మీద 1,090, అంటే 14 శాతం. టాయ్ హాలర్లని ఇలా కావాలనే ముందు బరువుగా కడతారు, వెనక బైకులు ఎక్కుతాయని. హిచ్ నుంచి యాక్సిళ్ళ మధ్యకి 18 అడుగులు. పెద్ద బైకు ఆరు అడుగుల వెనక ఉంటే హిచ్ మీద నుంచి 183 పౌండ్లు ఎత్తేస్తుంది. ఎండ్యూరో 28. తలుపు దగ్గర పెట్టిన 100 పౌండ్ల పనిముట్ల పెట్టెలు, తొమ్మిది అడుగుల వెనక, ఇంకో 50. మిగిలింది 829, మొత్తం 8,600లో 9.6 శాతం. ఇలాంటి ట్రైలర్‌కి 10 నుంచి 15 మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే తోక ఆడించడం మొదలుపెడుతుంది. "దారిలో ఊగిందా?" అని అడిగితే, "పెద్ద లారీ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా కొంచెం" అన్నాడు, అదేదో మామూలు విషయంలాగా.

ఆ ఊపే బైకుని ఎడమకీ కుడికీ తోసింది.

ఏం మార్చాం

పెద్ద బైకు ముందుకి, యాక్సిళ్ళకి రెండడుగుల లోపు. ఎండ్యూరో వెనక్కి, పక్కకి తప్పించి, రెండు హ్యాండిళ్ళూ ఒకదానికొకటి తగలకుండా. పెట్టెలు పికప్ ట్రక్కులోకి. మళ్ళీ తూచితే హిచ్ మీద 946, మొత్తం 8,500కి 11 శాతం. ఇందుకు పట్టింది అరగంట.

నేల పనికి మాత్రం రెండు రోజులు పట్టింది. డి-రింగులు 2,000 పౌండ్ల వర్కింగ్ లోడ్ ఉన్న ఫోర్జ్‌డ్ రకం, 3/8 అంగుళం బోల్టులు, కింద నాలుగంగుళాల చదరపు ఉక్కు ప్లేట్లు. కుదిరిన చోటల్లా ప్లైవుడ్‌నే కాకుండా కింద ఉన్న ఉక్కు అడ్డ బీములనీ పట్టుకునేలా. కింది నల్ల ప్లాస్టిక్ షీటు విప్పకుండా ఎవరూ డ్రిల్లు పెట్టకండి. నేను ఒక మూల మాత్రమే విప్పి, మిగతాది కొలతతో లెక్కేసి మొదటి బెజ్జం వేశాను. బిట్టు దిగిన చోటికి రెండు అంగుళాల్లో నీళ్ళ ట్యాంకు ఉంది. ఆ తర్వాత షీటు మొత్తం విప్పించాను.

వీల్ చాక్ కూడా అలాగే బోల్టులతో. ముందుకి వచ్చే 0.8 జి, అంటే 440 పౌండ్లు, చాక్ మోస్తుంది. ముందు చక్రం వంటింటి గోడకి ఆనించి "గోడ ఆపుతుంది" అనుకునేవాళ్ళున్నారు, ఆ గోడ పలుచటి ప్యానెల్ వెనక సన్న చెక్క.

స్ట్రాపులు ఒకటిన్నర అంగుళాల పాలియెస్టర్. నైలాన్ వద్దన్నాను, ఎక్కువ సాగుతుంది, తడిస్తే మరీను. కొక్కేలకి స్ప్రింగు నాలుక తప్పనిసరి. ముందు రెండూ సాఫ్ట్ లూపులతో (మెత్తటి పట్టీ ఉచ్చులతో) కింది ట్రిపుల్ క్లాంప్‌కి, బ్రేకు గొట్టాన్నీ వైర్లనీ తప్పించి, ముందుకీ కిందికీ లాగుతూ. వెనక రెండు, వెనక ఫుట్‌పెగ్ బ్రాకెట్ల నుంచి వెనక్కీ పక్కకీ, తోక ఎగరకుండా ఉండేంత. సీటు మీదుగా వేసే ఒంటి స్ట్రాపు తీసి పారేశాం. సైడ్ స్టాండు పైకి మడవాలి, అది దింపి ఉంచి కడితే బైకు కిందికి దిగినప్పుడల్లా స్టాండు దాన్ని అవతలి పక్కకి నెడుతుంది.

ఎండ్యూరోకి ముందు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ప్లాస్టిక్ దిమ్మ పెడితే ఫోర్కు గొడవే ఉండదు. పెద్ద బైకుకి ఆ దిమ్మ కుదరలేదు. దానికి ఒక కొలత ఇచ్చాను: ఫోర్కు 90 మిల్లీమీటర్లు దిగగానే రాట్చెట్ వదిలెయ్. సగం నొక్కుడు. గతుకుల్ని మింగడానికి మిగతా సగం ఉంటుంది, స్ట్రాపులో బిగువు సున్నా కాకుండా స్ప్రింగు నెడుతూ ఉంటుంది. ఫోర్కు నొక్కితే లోపలి ఆయిలు కారకుండా ఆపే సీళ్ళు పోతాయన్న భయం కొంత అతి అని నా అభిప్రాయం. ఈ బైకుకి ఎడమ సీలు చెమర్చింది నిజమే. తుడిచి చూస్తే ట్యూబు మీద ఎండిన బురద ఉంది, సీలు పెదవిని కోసింది అదే. కట్టే ముందు ఫోర్కు ట్యూబులు తుడవమన్నాను.

ఓపెన్ ట్రైలర్ మీద పట్టీ గాలికి కొట్టుకోకుండా అరమెలిక తిప్పుతారు. మూసిన గ్యారేజీలో గాలి లేదు, మెలిక అక్కర్లేదు. అతను అలవాటుకొద్దీ తిప్పుతూనే ఉన్నాడు, నష్టమేమీ లేదని ఊరుకున్నాను.

బయల్దేరే ముందు ఎండ్యూరో పెట్రోలు కాక్ మూసెయ్యడం, సిలిండర్ వాల్వు కట్టెయ్యడం, ఫ్రిజ్‌ని ఆపేసి ఐసు పెట్టుకోవడం. ఆగిన చోట ముందు గ్యారేజీ తెరిచి గాలి ఆడనివ్వడం, వంటింట్లో ఏదైనా వెలిగించేది ఆ తర్వాత.

తర్వాత

ప్రతి స్ట్రాపు మీదా, బకిల్‌నీ పట్టీనీ కలుపుతూ మార్కర్‌తో అడ్డగీత గీశాను. గీత విరిగితే పట్టీ జారినట్టు. చేత్తో లాగి చూడటం కన్నా కంటికి కనబడే గీతనే నేను నమ్ముతాను. మొదటి పన్నెండు మైళ్ళకి ఆగి చూశాం, తర్వాత యాభైకి. పన్నెండు దగ్గర వెనక కుడి గీత మూడు మిల్లీమీటర్లు కదిలింది, పట్టీ బకిల్‌లో సర్దుకుంది, మళ్ళీ కదల్లేదు.

1,100 మైళ్ళ తర్వాత ట్రైలరు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. డి-రింగు ప్లేట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వినైల్ షీటు కాస్త అణిగిన చోట ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. బైకులు రెండూ నిటారుగా ఉన్నాయి. ఎండ్యూరో వెనక టైరుకీ ర్యాంపు తలుపుకీ మధ్య నాలుగు అంగుళాలే మిగులుతోంది, దాని చాక్‌ని ఇంకో ఆరంగుళాలు ముందుకి జరపాలి, ఆ పని బాకీ ఉంది.

పెద్ద బైకు ఫోర్కు కొలిచాను. 108 మిల్లీమీటర్లు.

"తొంభై అని చెప్పానుగా."

"రెండు క్లిక్కులే అన్నా, ఎక్కువేం కాదు."

రాట్చెట్ వదిలి రెండు క్లిక్కులు తగ్గించి, మార్కర్ గీత చెరిపి కొత్తది గీశాను.